రామభద్రుండట: దైవానుభవం సాక్ష్యమవుతుందా?

అందరికీ నమస్కారం.

ప్రశ్న చిన్నదే. ఒక మనిషికి దేవుడు కనిపించాడు. లేదా పక్కనే ఉన్నట్టు తోచింది, ఒక మాట వినిపించింది. అది దేవుడున్నాడనడానికి సాక్ష్యమా? సాక్ష్యమే అయితే ఎవరికి? ఎంత బరువున్న సాక్ష్యం? ఈ మూడింటినీ కలగాపులగం చేసి మాట్లాడుకోవడం వల్లే తగువులన్నీ. ఒకాయన "నేను కళ్ళారా చూశాను" అంటాడు, ఇంకొకాయన "అంతా భ్రమ" అంటాడు, ఇద్దరికీ ఆ పూట అన్నం సయించదు.

తెలుగువాడికి ఈ విషయంలో ఒక సదుపాయం ఉంది. "రాత్రి వాన పడింది" అంటే నాకు తెలుసునని. "రాత్రి వాన పడిందట" అంటే ఎవరో చెప్పారని. ఆ ఒక్క "ట"తో చూసినదాన్నీ విన్నదాన్నీ విడదీసేస్తాం. బడికి పోని పిల్లలు కూడా ఇందులో తప్పు చేయరు. శాస్త్రకారులు వీటినే ప్రత్యక్షం, శబ్దం అని రెండు ప్రమాణాలుగా, అంటే తెలుసుకునే దారులుగా, చెప్పారు. ఈ "ట"ని కాస్త గుర్తుపెట్టుకోండి, దీనితో పనుంది.

మాట్లాడుకోవడానికి ఒక కేసు కావాలి. ఎక్కడినుంచో తెచ్చుకోనక్కర్లేదు. బమ్మెర పోతన భాగవతం అవతారికలో, అంటే పీఠికలో, తన అనుభవాన్ని "నేను" అంటూ తానే రాసిపెట్టాడు. 15వ శతాబ్దం నాటి మాట. "పలికెడిది భాగవతమఁట" పద్యం అందరికీ నోటికి వచ్చు. దాని ముందున్న సీసపద్యాన్నీ, వచనాన్నీ అంత నిదానంగా ఎవరూ చదవరు. కోర్టులో సాక్షి వాంగ్మూలం చదివినట్టు ఒకసారి చదువుదాం.

పున్నమి రాత్రి. చంద్రగ్రహణం. పెద్దల అనుమతి తీసుకుని గంగకు వెళ్ళాడు. ఆ గంగ ఏ గంగ అన్నది వేరే తగువు, దాని జోలికి నేను పోను. స్నానం చేసి ఒడ్డెక్కి, ఇసుకతిన్నె మీద ధ్యానానికి కూర్చున్నాడు. ఎవరిని ధ్యానిస్తున్నాడు? మహేశ్వరుణ్ణి. కళ్ళు ఎలా ఉన్నాయి? "కించిదున్మీలిత లోచనుండనై" అన్నాడు. కొంచెమే తెరిచి ఉన్నాయి, అరమోడ్పు కళ్ళన్నమాట. అప్పుడు కనిపించిందేమిటి? మెరుపుతో కూడిన మేఘంలా పక్కన స్త్రీతో ఉన్నవాడు, ముఖాన చిరునవ్వు, మూపున విల్లు, తలమీద కిరీటం, తామరల్లాంటి కళ్ళు, వెడల్పాటి రొమ్ము. ఇంత వర్ణించాక చివర ఏమన్నాడో చూడండి: "రాజముఖ్యుఁ డొక్కరుఁడు నా కన్నుఁగవకు నెదురఁ గానఁబడియె." రాముడు కనబడ్డాడు అనలేదు. రాజశ్రేష్ఠుడెవరో ఒకడు కనబడ్డాడన్నాడు.

తేరిచూసి మాట్లాడబోయేంతలో ఆ మూర్తే, తాను రామభద్రుణ్ణనీ, తన పేరిట భాగవతాన్ని తెలుగు చేయమనీ, చేస్తే భవబంధాలు తెగుతాయనీ చెప్పి మాయమైపోయాడు. అప్పుడు పోతన "సమున్మీలిత నయనుండనై", అంటే కళ్ళు బాగా తెరిచి, వెరగుపడ్డాడు.

ఇందులో మూడు పొరలున్నాయి. చూసింది: విల్లు, కిరీటం, పక్కన స్త్రీ ఉన్న ఒక రాజమూర్తి. విన్నది: నేను రామభద్రుణ్ణి అన్న మాట, చేయమన్న పని, ఇచ్చిన హామీ. ఇక నమ్మింది: ఆ మాట నిజమని, ఆ రాముడే పరమాత్మ అని. మూడో పొర కంటికి కనబడేది కాదు, చెవికి వినబడేదీ కాదు. ఎంత స్పష్టమైన దర్శనమైనా "ఈయన సర్వజ్ఞుడు, జగత్కర్త" అన్న సంగతి కంటికి ఆనదు. కిరీటం కనబడుతుంది గానీ సర్వజ్ఞత్వం ఎలా కనబడుతుంది?

ఇప్పుడు ఆ ప్రసిద్ధ పద్యానికి రండి. పలికేది భాగవతమట. పలికించేవాడు రామభద్రుండట. నేను పలికితే భవహరమవుతుందట. మూడుసార్లు "అట". వినయంతో అన్నాడని చెప్పేవాళ్ళున్నారు, కావచ్చు. నాకైతే అంతకంటే కచ్చితమైన పని కనిపిస్తుంది. కళ్ళతో చూసిన రాజమూర్తి విషయంలో "కానఁబడియె" అన్నవాడు, ఆ మూర్తి నోట విన్న సంగతుల దగ్గరికొచ్చేసరికి "అట" అన్నాడు. ఎక్కడ ప్రత్యక్షం ఆగి శబ్దం మొదలైందో, సరిగ్గా అక్కడ "ట" పడింది. ఇంత నికార్సయిన సాక్షి దొరకడం కష్టం.

సరే. ఇక ప్రమాణాల సంగతి.

మన తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన న్యాయసూత్రం ప్రత్యక్షానికి చెప్పిన లక్షణంలో రెండు మాటలు మనకి ముఖ్యం. ఒకటి అవ్యభిచారి, అంటే తప్పిపోనిది. రెండోది వ్యవసాయాత్మకం, అంటే నిశ్చయంగా ఉన్నది. దాని మీద రాసిన భాష్యంలో వాత్స్యాయనుడు మొదటిదానికి ఎండమావిని ఉదాహరణ చెప్పాడు. నీళ్ళు అన్న నిశ్చయం ఉంటుంది, నీళ్ళుండవు. రెండోదానికి, దూరాన లేచేది పొగా, ధూళా అని తేల్చుకోలేకపోవడం. దైవానుభవాల్లో రెండో ఇబ్బంది తక్కువ. చూసినవాళ్ళకి సందేహం ఉండదు, మామూలు చూపుకంటే గట్టి నిశ్చయం ఉంటుంది. అమెరికా తత్వవేత్త విలియం జేమ్స్ 1901, 1902ల్లో ఎడిన్‌బరోలో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఇలాంటి అనుభవాలకి చెప్పిన నాలుగు గుర్తుల్లో ఇదొకటి: ఏదో తెలుసుకున్నామన్న గట్టి భావన. మిగతా మూడు: మాటల్లో పెట్టలేకపోవడం, ఎక్కువసేపు నిలవకపోవడం, తాను చేసినట్టు గాక తనకు జరిగినట్టు ఉండడం. అయితే నిశ్చయం ఉన్నంత మాత్రాన ఎండమావి నీళ్ళయిపోదు. మొదటి పరీక్ష మిగిలే ఉంటుంది.

ఆ పరీక్ష ఎలా చేయాలో చెప్పింది మీమాంసకులు, అంటే వేదవాక్యాల అర్థం తేల్చే శాస్త్రం వాళ్ళు. 7వ శతాబ్దపు కుమారిల భట్టు స్వతఃప్రామాణ్యం అన్నాడు. జ్ఞానం పుట్టిందంటే, అది తప్పని తేలేదాకా ఒప్పే. ప్రతిదానికీ ముందు రుజువు అడుగుతూ పోతే, ఆ రుజువుకి రుజువు, దానికింకో రుజువు, అంతు ఉండదు. మరి తప్పని తేలేదెప్పుడు? రెండే దారులు. ఒకటి బాధకం: తరవాత వచ్చిన జ్ఞానం మొదటిదాన్ని కొట్టేయడం. దీపం తెచ్చి చూస్తే పాము కాదు, తాడు. రెండోది కరణదోషం: చూసిన పనిముట్టే చెడిపోయి ఉందని తెలియడం. కామెర్లవాడికి శంఖం పచ్చగా కనబడుతుందని శాస్త్రాల్లో చెప్పే ఉదాహరణ. శంఖాన్ని మళ్ళీ పరీక్షించనక్కర్లేదు, కళ్ళను చూస్తే చాలు.

ఇంగ్లండులో రిచర్డ్ స్విన్‌బర్న్ అనే తత్వవేత్త 1979లో దైవానుభవం గురించి ఇలాంటి వాదనే చేశాడు: ఎదురు కారణం లేనంతవరకు కనబడినదాన్ని కనబడినట్టే నమ్మాలి అని. ఆయన దాన్ని దేవుడి పక్షాన వాడాడు. తమాషా ఏమిటంటే, మనదేశంలో అదే సూత్రాన్ని పట్టుకున్న మీమాంసకులు సృష్టికర్త అయిన ఈశ్వరుణ్ణి ఒప్పుకోలేదు, యోగి ప్రత్యక్షాన్నీ, అంటే మామూలు కంటికి అందనిదాన్ని యోగి ధ్యానబలంతో చూడడాన్నీ, ఒప్పుకోలేదు. ప్రత్యక్షమంటే ఎదురుగా ఉన్నదాన్ని ఇంద్రియం పట్టుకోవడం. అభ్యాసంతో చూపు పదునెక్కుతుంది గానీ దాని జాతి మారదు. దీనికి కుమారిలుడి పేరు మీద చెప్పుకునే పోలిక ఒకటుంది: పది మూరలు ఎగరగలిగినవాడు ఎన్ని వందలసార్లు సాధన చేసినా యోజనం దూరం ఎగరలేడు.

మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉంది, ఆస్తికులు అనుభవం మీద నిలబడతారు, నాస్తికులు తర్కం మీద అని. మన శాస్త్రాలు తీసి చూస్తే ఈ లెక్క తప్పుతుంది. 10వ శతాబ్దంలో ఉదయనుడనే తార్కికుడు ఈశ్వరుడున్నాడని సాధించడానికి పూనుకున్నప్పుడు అనుమాన ప్రమాణం, అంటే కనబడేదాన్నిబట్టి కనబడనిదాన్ని తేల్చే తర్కం, పట్టుకున్నాడు, ఫలానావాళ్ళకి కనబడ్డాడు అన్న దారిన పోలేదు. ఇక రామానుజులు. భక్తి అంటే ఆయన పేరే చెప్తాం కదా? బ్రహ్మసూత్రాలకి రాసిన శ్రీభాష్యంలో, శాస్త్రయోనిత్వాధికరణం అనే భాగం దగ్గర, యోగి ప్రత్యక్షం బ్రహ్మవిషయంలో ప్రమాణం కాదన్నాడు. భావన తారస్థాయికి చేరి పుట్టిన జ్ఞానం ఎంత స్పష్టంగా ఉన్నా, అది ఇదివరకు తెలిసినదాని స్మృతి మాత్రమే, కొత్తగా ఏదీ తెలియజేయదు అని. అదే రామానుజులు అదే భాష్యంలో, నిరంతర స్మరణ దర్శనంతో సమానమైన రూపం తీసుకోవాలి, మోక్షానికి అదే సాధనం అన్నాడు. ఇందులో విరోధం లేదు. భక్తుడు చేరాల్సిన చోటు అనుభవమే. దేవుడున్నాడని తెలిసేది మాత్రం శాస్త్రం వల్ల, అనుభవం వల్ల కాదు. ఈ రెంటినీ ఇవాళ మనం ఒకటి చేసేశాం.

రామానుజుల వాదనలాంటిది అంతకుముందే బౌద్ధుల దగ్గర ఉంది. ధర్మకీర్తి యోగి ప్రత్యక్షాన్ని ఒప్పుకున్నవాడే. అయినా ఒక చేదు నిజం చెప్పాడు. కామం, శోకం, భయం, ఉన్మాదం పట్టుకున్నవాళ్ళకి లేనివి కూడా ఎదురుగా ఉన్నట్టే కనబడతాయి. ఉన్నదాన్ని భావించినా, లేనిదాన్ని భావించినా, భావన పండితే ఫలం ఒకేలా స్పష్టంగా ఉంటుంది. అంచేత స్పష్టతని చూసి నిజమని తేల్చకూడదు. భావించిన వస్తువు ఉన్నదే అని వేరే ప్రమాణంతో ముందే తేలి ఉండాలి. 7వ శతాబ్దంలో చెప్పిన ఈ మాటకి ఇవాళ్టి మనోవైద్యులు కలిపింది వివరాలే.

ఆ వివరాలు కూడా కొన్ని చూద్దాం. కరణదోషం అన్నాం కదా, దాని సంగతి.

1971లో వేల్స్‌లో డెవీ రీస్ అనే డాక్టరు భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని అడిగాడు. దాదాపు సగం మందికి, పోయినవాళ్ళు దగ్గరలో ఉన్నట్టు అనిపించడమో, కనబడడమో, మాట వినబడడమో జరిగింది. వాళ్ళు పిచ్చివాళ్ళు కారు, మామూలు మనుషులు. దీన్నిబట్టి పక్కన ఎవరో ఉన్నారన్న భావన మనిషి మనసుకి చాలా తేలిగ్గా పుట్టేదని తెలుస్తుంది. దేవుడి సన్నిధి అని మనం పిలిచే అనుభవంలో కొంత భాగం ఈ పదార్థమే.

1962 గుడ్ ఫ్రైడే నాడు బోస్టన్ విశ్వవిద్యాలయం మార్ష్ చాపెల్‌లో వాల్టర్ పాంకే అనే ఆయన 20 మంది క్రైస్తవ వేదాంత విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశాడు. పది మందికి సైలోసైబిన్, అంటే కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే మందు. తక్కిన పది మందికి నికోటినిక్ ఆమ్లం. ఎవరికి ఏది అందిందో ఎవరికీ తెలియకూడదని ఏర్పాటు. సైలోసైబిన్ తీసుకున్నవాళ్ళలో ఎక్కువమందికి జేమ్స్ చెప్పినటువంటి గుర్తులున్న అనుభవాలే వచ్చాయి. ఇందులో చెడిందేమిటి? నికోటినిక్ ఆమ్లంతో ముఖం ఎర్రబడి వేడెక్కుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. కాసేపట్లోనే ఎవరికి ఏది పడిందో గదిలో అందరికీ తెలిసిపోయింది. రహస్యం బయటపడ్డాక ఆశ, నిరాశ కూడా ప్రయోగంలో భాగమైపోయాయి. పైగా ఒక విద్యార్థి అదుపు తప్పితే శాంతపరిచే మందు ఇవ్వాల్సి వచ్చింది. ఆ సంగతి మొదటి నివేదికలో రాయలేదు, ఏళ్ళ తరవాత మరొకరు ఆ విద్యార్థులను వెతికి పట్టుకుంటేనే బయటికొచ్చింది. 2006లో జాన్స్ హాప్కిన్స్‌లో ఈ లోపాలు కొన్ని దిద్దుకుని మళ్ళీ చేశారు. ఈసారి పోలికకి ఇచ్చింది ఒంటికి కదలిక తెలిసే మందు, మిథైల్‌ఫెనిడేట్. 36 మందిలో 22 మందికి పూర్తిస్థాయి అనుభవం వచ్చింది. ఆ 36 మందీ అప్పటికే పూజో ప్రార్థనో ధ్యానమో చేసే అలవాటున్నవాళ్ళని మాత్రం మరిచిపోకూడదు.

నాస్తిక మిత్రులకి కూడా ఒక హెచ్చరిక. కెనడాలో పర్సింగర్ అనే ఆయన బలహీనమైన అయస్కాంత క్షేత్రాలు పుట్టించే హెల్మెట్ తలకి పెట్టి, ఎవరో పక్కన ఉన్నారన్న భావన తెప్పిస్తున్నానన్నాడు. "దేవుడి హెల్మెట్" అని పత్రికలు ఊరూవాడా మోగించాయి. 2005లో స్వీడన్‌లో గ్రాన్‌క్విస్ట్ బృందం 89 మందితో, ఇచ్చేవాళ్ళకీ పుచ్చుకునేవాళ్ళకీ తెలియకుండా, అదే పరికరం పెట్టి చూసింది. అయస్కాంతం పనిచేసినా చేయకపోయినా తేడా రాలేదు. ఎవరికి అనుభవం వచ్చిందన్నది, ఆ మనిషి సూచనలకి ఎంత తేలిగ్గా లొంగుతాడన్నదాన్ని బట్టి ఉంది. హెల్మెట్‌ని నమ్మినవాళ్ళూ ఒక రకమైన భక్తులే అనుకోండి. (నవ్వులు)

మెదడులో ఏదో జరిగింది కాబట్టి అనుభవం అబద్ధం అనడం తప్పు. మామిడిపండుని చూసినప్పుడూ మెదడులో ఏదో జరుగుతూనే ఉంటుంది, దాన్నిబట్టి పండు లేకుండా పోదు. అసలు అడగాల్సింది ఇది: దేవుడు లేకపోయినా ఈ అనుభవం ఇంచుమించు ఇలాగే, ఇంతమందికీ వచ్చేదా? వచ్చేదైతే, వచ్చినందువల్ల పెద్దగా తేలేదేమీ లేదు. పండు లేకపోతే పండు కనబడడం అరుదు, అందుకే కనబడినప్పుడు నమ్ముతాం.

దీన్ని చిన్న లెక్కలో పెడతాను. అంకెలు ఊహించినవి, లెక్క తీరు మాత్రం సరైనదే. దేవుడున్న లోకంలో, ఉపవాసముండి గ్రహణం రాత్రి ధ్యానం చేసే భక్తులు 100 మందిలో 30 మందికి దర్శనం అవుతుందనుకోండి. లేని లోకంలో, మనసు చేసే పని వల్ల 20 మందికి అవుతుందనుకోండి. 30కి 20, అంటే ఒకటిన్నర రెట్లు. ఏ పక్షమూ తేలనివాడు సగం సగం దగ్గర మొదలుపెడితే, ఒక దర్శనంతో 60 శాతానికి వస్తాడు. కాబట్టి సాక్ష్యం సున్నా కాదు. కానీ రుజువు కూడా కాదు. లేని లోకంలో కూడా 28 మందికి అవుతుందని వైద్యశాస్త్రం చూపించిందనుకోండి, ఉన్న లోకంలో 29 అనుకోండి, అదే దర్శనం 50 నుంచి 51కి తెస్తుంది, అంతే.

ఇక అందరూ మరిచిపోయే సగం ఉంది. దర్శనం కాని 70 మంది మాటేమిటి? దేవుడు లేని లోకంలో కానివాళ్ళు 80. 70కి 80. ఏళ్ళ తరబడి కూర్చుని ఏమీ కనబడనివాడు సగం సగం నుంచి 47 శాతానికి దిగుతాడు. కొంచెమే, కానీ దిగుతాడు. దర్శనాన్ని లెక్కలోకి తీసుకుంటే దర్శనం కాకపోవడాన్ని కూడా తీసుకోవాలి. "వాడికి భక్తి చాలలేదు" అని ప్రతిసారీ తోసేస్తే లెక్క ఒకవైపే నడుస్తుంది.

"ఒక్కడు కాదండీ, వేలమంది చూశారు" అంటారు. మంచి వాదనే. పది మంది వేరువేరుగా చూస్తే ఒకటిన్నరని పదిసార్లు హెచ్చించాలి, దాదాపు 58 వస్తుంది. సగం సగం దగ్గర్నుంచి 98 శాతానికి ఎగబాకుతుంది. అయితే ఇదంతా "వేరువేరుగా" అన్న మాట మీద ఆధారపడింది. ఒకరి మాట విని ఒకరు చూసినవైతే పదీ కలిపి ఒక్కటే.

మన కవుల దగ్గరే చూడండి. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం అవతారికలో, కలలో తండ్రి కొమ్మన కనబడ్డాడనీ, హరిహరనాథుడు సాక్షాత్కరించి కృతి కోరాడనీ చెప్పాడు. 15వ శతాబ్దంలో పోతన. 16వ శతాబ్దంలో కృష్ణదేవరాయలు, కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలో కనబడి తెలుగులో కావ్యం చెప్పమన్నాడని ఆముక్తమాల్యదలో రాశాడు. "దేశభాషలందు తెలుగు లెస్స" ఆ కలలో మాటే. మూడు వందల ఏళ్ళలో ముగ్గురు మహాకవులకి ముగ్గురు దేవుళ్ళు కనబడి కావ్యమే అడిగారు. ముగ్గురు స్వతంత్ర సాక్షులు అనడానికి నాకు నోరు రాదు. అవతారికలో దేవుడు కృతి అడగడం ఒక సంప్రదాయమైపోయింది. ఎవరూ అబద్ధమాడారని కాదు. ఒక మూస ఉన్నప్పుడు నిజంగా జరిగిన అనుభవం కూడా ఆ మూసలోకే ఒదుగుతుంది. తరవాత చదివేవాడికి, జరిగింది ఎంత, మూస ఎంత అని విడదీయడం సాధ్యం కాదు. పోతన వాంగ్మూలంలో నాకు విలువైనవి మూసకి లొంగనివి: కల అనకపోవడం, కళ్ళు ఎంత తెరిచి ఉన్నాయో చెప్పడం, శివుణ్ణి ధ్యానిస్తుంటే రాముడు రావడం. వీరభద్రవిజయం అనే శైవకావ్యం రాసిన పోతనకి శివుడు కనబడి ఉంటే ఆశపడిందే కనబడిందనేవాళ్ళం. ఆ అభ్యంతరం ఇక్కడ కొంత బలహీనపడుతుంది. పూర్తిగా పోదు, రాముడు ఆయనకేమీ కొత్త కాదు కదా.

దేవుళ్ళు వేరువేరుగా కనబడడం మరో చిక్కు. స్పెయిన్‌లో కార్మెల్ మఠపు సన్యాసిని తెరీసాకి క్రీస్తు, దక్షిణేశ్వరంలో రామకృష్ణులకి కాళి. అందరూ ఒకరినే చూశారు, పేర్లే వేరు అనేవాళ్ళున్నారు. అలా అనవచ్చు. కానీ అలా అన్న క్షణాన పేరు, రూపం, మాట, ఇచ్చిన ఆజ్ఞ అన్నీ చూసినవాడు కలుపుకున్నవని ఒప్పుకున్నట్టే. అప్పుడు మిగిలేది "తనకంటే పెద్దదేదో ఉంది" అన్నంత పలచటి సాక్ష్యం. దానితో ఏ గుడికీ, ఏ చర్చికీ పునాది పడదు. చిక్కగా కావాలంటే సాక్షులు ఒకరినొకరు ఖండించుకుంటారు, ఏకంగా కావాలంటే పలచబడుతుంది. నాకు తెలిసి దీన్ని పూర్తిగా దాటినవాళ్ళు లేరు.

మతాలకి ఈ సంగతి తెలియదనుకోకండి. మన ఊళ్ళలో "దొంగ పూనకం" అన్న మాట ఉందంటేనే, వచ్చిన ప్రతి పూనకాన్నీ అమ్మవారనుకోరని అర్థం. కేథలిక్ చర్చి మరియమాత దర్శనాల్లాంటి వాటి మీద 2024 మే నెలలో కొత్త నియమాలు పెట్టుకుంది. వాటి ప్రకారం మామూలుగా ఏ దర్శనాన్నీ ఇది దైవికమే అని ప్రకటించరు. అడ్డులేదు, భక్తులు వెళ్ళవచ్చు అనేది వాళ్ళు ఇచ్చే అత్యంత అనుకూలమైన తీర్పు.

ఇప్పుడు పని సంగతి. మీ ఇంట్లోనో, మీకేనో ఇలాంటిది జరిగితే ఎలా రాసిపెట్టుకోవాలి? ఆలస్యం చేయకండి, ఆ పూటే రాయండి. గురువుకో పెద్దలకో చెప్పకముందే రాయండి. చెప్పాక వాళ్ళు వేసే ప్రశ్నలు మీ జ్ఞాపకంలో కలిసిపోతాయి. కాగితాన్ని మూడు గళ్ళుగా గీయండి: చూసింది, విన్నది, అనుకున్నది. మొదటి గడిలో పేర్లు రాయకూడదు. "అమ్మవారు" అని కాదు, "ఎర్రచీర, ముఖం సరిగా కనబడలేదు, ఎడమవైపు" అని. చాలామందికి మొదటి గడిలో రెండు వాక్యాలే వస్తాయి, మూడో గడి నిండిపోతుంది. అదే అసలు తెలుసుకోవాల్సింది. కింద ఒంటి సంగతి: తిని ఎన్ని గంటలైంది, ముందు రాత్రి ఎంత నిద్ర, జ్వరముందా, ఏ మాత్రలు వాడుతున్నారు. స్టెరాయిడ్లు, పార్కిన్సన్ జబ్బుకి వాడే కొన్ని మందులు లేనివి కనబడేలా చేస్తాయి. వెలుతురు ఎంత, కళ్ళు మూసి ఉన్నాయా తెరిచి ఉన్నాయా, పడుకోబోతూనా లేస్తూనా. పక్కన ఎవరున్నారు, వాళ్ళకేం కనబడింది. చివరిగా, ఆ అనుభవంలో బయట సరిచూసుకోగలిగిన మాట ఏదైనా ఉందా? "భవబంధాలు తెగుతాయి" అన్నది సరిచూసేది కాదు. "ఫలానా చోట తవ్వితే ఇది దొరుకుతుంది" అన్నది సరిచూసేది. అలాంటి మాట ఉంటే తేదీ వేసి, తవ్వకముందే ఇంకొకరి దగ్గర పెట్టండి. ఆరు నెలల తరవాత ఆ కాగితం చూడకుండా మళ్ళీ రాసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఒక్క జాగ్రత్త. ఉన్నట్టుండి అదే వాసన, అదే భావన, అదే వరసలో, కొన్ని సెకన్లో నిమిషాలో, మళ్ళీ మళ్ళీ వస్తుంటే, మధ్యలో తెలివి తప్పుతుంటే నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళండి, అది మూర్ఛలో ఒక రకం కావచ్చు. తనకో ఇతరులకో హాని చేయమని గొంతు చెప్తుంటే, అది ఎవరి గొంతు అన్న చర్చ తరవాత, వైద్యం ముందు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: అయితే పోతన అబద్ధం చెప్పాడంటారా?)

అనను. ఈ ప్రశ్న ఎప్పుడూ రెండు గుమ్మాలే చూపిస్తుంది, అబద్ధం లేదా నిజం అని. నిజాయితీగా పొరపడడం మూడో గుమ్మం. నిజంగా చూసి, దాన్ని తన కాలపు కావ్యభాషలో చెప్పడం నాలుగోది. సీసపద్యం ఇసుకతిన్నె మీద కూర్చుని ఆ క్షణాన చెప్పింది కాదు కదా.

(ఇంకొకరు: మా అమ్మ నన్ను ప్రేమిస్తుందని కూడా అనుభవంతోనే తెలుసు. దానికీ రుజువులు అడుగుతారా?)

అడగను, ఎందుకంటే అవి ఇదివరకే ఉన్నాయి. ఆవిడ ఉన్నారని ఇరుగుపొరుగుకి తెలుసు. జ్వరం వస్తే రాత్రంతా కూర్చున్నారు, మీరు చూశారు, మీ అన్నయ్య చూశారు. ప్రేమ ఉందా అన్న ప్రశ్నకి ముందు అమ్మ ఉందా అన్న ప్రశ్న అక్కడ లేదు. ఇక్కడ ఉన్నది ఆ ప్రశ్నే.

(మరొకరు: చూసినవాడు నమ్మవచ్చా, కూడదా? సూటిగా చెప్పండి.)

సూటిగానే చెప్తాను. కరణదోషం లేదని తన మేరకు చూసుకుని, బాధకమేదీ తగలకపోతే, చూసినవాడు నమ్మడం తప్పు కాదు. బ్రహ్మసూత్ర భాష్యం నాలుగో అధ్యాయంలో శంకరులు, ఒకడి హృదయానికి తెలిసిన బ్రహ్మజ్ఞానాన్ని వేరొకడు ఎలా కాదనగలడు అని అడిగారు. జేమ్స్ కూడా అక్కడికే వచ్చాడు: చూసినవాడికి అది అధికారం, చూడనివాడి మీద దానికి ఏ అధికారమూ లేదు. చూసినవాడి ప్రత్యక్షం నా దగ్గరికి వచ్చేసరికి శబ్దమైపోతుంది. ఇక నేను తూచాల్సింది ఆ మనిషి ఆప్తుడా అని. ఆప్తుడంటే నిజం చెప్పేవాడు మాత్రమే కాదు, ఆ సంగతి తెలుసుకోగలిగే స్థితిలో ఉన్నవాడు కూడా. మొదటిదాంట్లో పోతనకి నా దగ్గర నూటికి నూరు మార్కులు. రెండోదాంట్లో నేను ఇవ్వగలిగింది మార్కులు కాదు, "తెలియదు" అన్న జవాబు.

(వెనక వరసలోంచి: మా నాయనమ్మ రోజూ చెప్తుంది, తెల్లవారుజామున స్వామి కనబడ్డాడని. ఆవిడతో ఏమనాలి?)

వాదించకండి. కాస్త దగ్గరగా కూర్చుని "ఎవరు కనబడ్డారు నాయనమ్మా" అని కాకుండా "ఏం కనబడింది నాయనమ్మా" అని అడగండి. అడ్డురాకుండా చెప్పనివ్వండి. చెప్తూ చెప్తూ ఎక్కడ "అన్నాడు" అంటారో, ఎక్కడ "అట" అంటారో వినండి. చాలా ఇళ్ళలో ఆ ముసలమ్మలకి ఆ తేడా మనకంటే బాగా తెలుసు.